షాకులు పోతే ఖర్చు ఎవరిది? వేరే కంపెనీ పాత షాకులు బిగించే ముందు ఇది చదవండి

కన్‌స్ట్రక్షన్ పనికని వచ్చి, తర్వాత వీసా మార్చుకుని డెలివరీ బైకు ఎక్కిన తమ్ముళ్లు దుబాయ్, షార్జా, అజ్మాన్‌లో చాలామంది ఉన్నారు. సోనాపూర్ వెళ్లినా, అల్ ఖూజ్ వెళ్లినా మమ్మల్ని అడిగే ప్రశ్నల్లో ఒకటి ఇది: "అన్నా, బండికి వెనక షాకులు పోయినయి. కొత్తవి కొనాలంటే పైసలు ఎక్కువైతున్నయి. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల వేరే బండివి పాతవి దొరుకుతున్నయి. వేస్కోవచ్చా?"

ఒక్క మాటలో అవుననో కాదనో చెప్పేది కాదు ఇది. బండి మీ సొంతమైతే, కొలతలు సరిపోతే, జత మంచిదైతే వేసుకోవచ్చు. బండి కంపెనీదైతే మాత్రం మీ జేబులోంచి ఒక్క దిర్హమ్ తీయకముందే ఆగండి. అరిగిపోయిన షాకు మార్పించడం కంపెనీ పని. మీరు సొంతంగా పాత పార్టు వేస్తే మిగిలేది ఏమీ లేకపోగా, రేపు ఏదైనా జరిగితే తప్పు మీ నెత్తిన పడుతుంది. ఈ రెండు సంగతులూ విడివిడిగా చూద్దాం.

ముందు ముల్కియా చూడండి

బండి ముల్కియా మీద ఎవరి పేరుంది? కంపెనీ పేరా, బండి అద్దెకిచ్చే సప్లయర్ పేరా, మీ పేరా? "నేనే నడుపుతున్నా కాబట్టి నా బండే" అనుకుంటారు చాలామంది. నెలనెలా బండి అద్దె కట్ అవుతున్నా సరే, ముల్కియా మీద మీ పేరు లేనంతవరకు ఆ బండి మీది కాదు.

రెండోది, మీ వర్క్ పర్మిట్ ఎవరి పేరు మీద ఉంది? ఆర్డరుకి ఇంత అని కమీషన్ మీద చేస్తున్నా, మీ పర్మిట్ ఎవరు తీశారో వాళ్లే మీ యజమాని. "నువ్వు ఫ్రీలాన్సర్‌వి, బండి బాధ్యత నీదే" అని నోటిమాటగా అంటే నమ్మకండి. కాంట్రాక్టు కాగితం తీసి, బండి రిపేరు గురించి అందులో ఏం రాసి ఉందో తెలిసినవాళ్లతో చదివించుకోండి.

షాకు చేసే పని ఏంటి

షాకులో రెండు భాగాలుంటాయి. పైకి కనిపించే స్ప్రింగు బరువు మోస్తుంది. లోపల గొట్టంలో ఆయిల్ ఉంటుంది. స్ప్రింగు నొక్కుకున్నాక ఎగిరెగిరి పడకుండా ఆ ఆయిలే ఆపుతుంది. ఆయిల్ సీలు అరిగితే ఆయిల్ బయటికి కారుతుంది. అప్పుడు స్ప్రింగు ఉన్నా దాన్ని ఆపేది ఉండదు. గతుకు వచ్చిన ప్రతిసారీ వెనక చక్రం రోడ్డు మీద ఎగురుతుంది. చక్రం గాల్లో ఉన్న ఆ క్షణంలో బ్రేకు నొక్కితే టైరు పట్టు దొరకదు, బండి జారుతుంది.

కాబట్టి షాకుని నడుం నొప్పి సమస్యగా మాత్రమే చూడకండి. బ్రేకు ఎంత ముఖ్యమో ఇదీ అంతే.

గల్ఫ్‌లో ఇవి తొందరగా పోవడానికి కారణాలున్నాయి. ఎండాకాలం వేడికి లోపలి ఆయిల్ పల్చబడుతుంది. ఇసుక దుమ్ము రాడ్డుకి అంటుకుని సీలుని గీకుతుంది. సముద్రం దగ్గర ఉప్పు తేమకి రాడ్డు మీద తుప్పు చుక్కలు లేస్తాయి. వీటికి తోడు డెలివరీ డబ్బా. అది చక్రం ఇరుసు కంటే వెనక్కి వేలాడుతుంది కాబట్టి అదే బరువు సీటు మీద ఉన్నప్పటికంటే షాకు మీద ఎక్కువ భారం వేస్తుంది. పొద్దంతా, రాత్రంతా తిరిగే బండికి షాకులు అరగడం మామూలే. ఈ "మామూలు అరుగుదల" అన్న మాట గుర్తుపెట్టుకోండి, జీతం దగ్గర మళ్లీ పనికొస్తుంది.

పోయిందో లేదో తేల్చుకోండి

డబ్బా ఖాళీ చేసి, బండి స్టాండు తీసి నిటారుగా పట్టుకోండి. వెనక సీటుని గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి నిలబడితే షాకు బాగున్నట్టు. రెండుమూడు సార్లు ఊగితే లోపల ఆయిల్ పని అయిపోయినట్టు.

రాడ్డు మీద, కింద గొట్టం మీద జిడ్డు ఉందేమో చూడండి. జిడ్డుకి దుమ్ము అంటుకుని నల్లగా పేరుకుని ఉంటే అది లీకే. టైరు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అరిగినా అనుమానించండి. వంతెనల మీద అతుకులు దాటేటప్పుడు వెనక భాగం పక్కలకి ఊగడం, నిండు డబ్బాతో స్పీడ్ బ్రేకర్ దాటితే "టక్" మని అడుగంటడం కూడా గుర్తులే.

ఒక్కోసారి షాకు బాగానే ఉండి, అది బిగించే కంట్లోని రబ్బరు బుష్ మాత్రం అరుగుతుంది. అప్పుడు జిడ్డు ఉండదు, ఊగదు, ఊరికే "టకటక" చప్పుడు వస్తుంది. బుష్‌లు మారిస్తే సరిపోతుంది. షాకులే పోయాయని మెకానిక్ అంటే, ముందు బుష్ చూపించమనండి.

వేరే కంపెనీ షాకు ఎప్పుడు సరిపోతుంది

కొన్ని బళ్లకి మొదటి చూపులోనే తేలిపోతుంది. హోండా యూనికార్న్‌కి వెనక మధ్యలో ఒకటే మోనో షాక్ ఉంటుంది. బజాజ్ పల్సర్ 150కి రెండు పక్కలా రెండు. ఒకదానిది ఇంకోదానికి రాదు. రెండు షాకుల బండికి ఇంకో రెండు షాకుల బండివి తీసుకునేటప్పుడే అసలు చిక్కు వస్తుంది. "సేమ్ సైజు భాయ్, లగ్ జాయేగా" అని కొట్టువాడు అంటాడు. బోల్టు ఎక్కినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. ఈ ఐదు చూడండి.

ఒకటి, పొడవు. బండి మెయిన్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాల్లో ఉండగా, పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్య దాకా టేపు పెట్టి కొలవండి. కొనే షాకుని కూడా అలాగే కంటి మధ్య నుంచి కంటి మధ్యకి కొలవండి. నాలుగైదు మిల్లీమీటర్ల తేడా పెద్దగా తెలియదు. సెంటీమీటరు దాటితే బండి నడక మారుతుంది. షాకు పొడుగైతే వెనక లేస్తుంది, హ్యాండిల్ తేలికై స్పీడులో వణుకుతుంది, సైడ్ స్టాండు మీద బండి మరీ ఒరుగుతుంది. పొట్టిదైతే మడ్‌గార్డుకి టైరు తగలొచ్చు, సైడ్ స్టాండు మీద బండి మరీ నిటారుగా నిలబడి అవతలి పక్కకి పడొచ్చు, హెడ్‌లైట్ పైకి లేచి ఎదురొచ్చేవాళ్ల కళ్లల్లో కొడుతుంది.

రెండు, నొక్కుకునే దూరం. బయటికి కనిపించే మెరుపు రాడ్డు రెండింటికీ ఒకే పొడవు ఉండాలి. కొత్తదానిది ఎక్కువైతే నిండు బరువు మీద చక్రం మడ్‌గార్డుని తాకుతుంది.

మూడు, స్ప్రింగు గట్టిదనం. తీగ మందం కొలవండి, చుట్లు లెక్కపెట్టండి. మందంలో చిన్న తేడా కూడా పెద్ద మార్పు తెస్తుంది. తీగ 7 మిల్లీమీటర్ల నుంచి 8 అయితే, మిగతావన్నీ సమానమైనా, స్ప్రింగు దాదాపు 70 శాతం గట్టిపడుతుంది. 100 సీసీ బండి స్ప్రింగు 150 సీసీ బండికి, అందులోనూ డబ్బా ఉన్న బండికి వేస్తే అడుగంటుతుంది. మరీ గట్టిదైతే ఖాళీ బండి గతుకుల మీద ఎగురుతుంది. పైగా, ఒక్కో బండిలో షాకు ఒక్కో చోట, ఒక్కో వాలులో బిగించి ఉంటుంది. అందువల్ల అదే షాకు ఒక బండిలో గట్టిగా, ఇంకో బండిలో మెత్తగా అనిపించొచ్చు.

నాలుగు, బిగించే చోటు. కొన్నింటికి కింద గుండ్రటి కన్ను ఉంటుంది, కొన్నింటికి రెండు చెవులున్న పంగ ఉంటుంది. ఒకదాని బదులు ఒకటి రాదు. కంటి రంధ్రం బోల్టు కంటే పెద్దదైతే రేకు ముక్క చుట్టి బిగించడం, రంధ్రం చిన్నదైతే గ్రైండరుతో గీకడం, చెవులు వెల్డింగ్ పెట్టడం, వీటిలో ఏదీ చేయించుకోవద్దు. లేత్ మీద సరైన కొలతకి స్టీలు బుష్ చేయించి దించితే అది పద్ధతి. మిగతావన్నీ ఆ పూటకి గడిపే పనులు.

ఐదు, పక్కన తగిలేవి. గ్యాస్ డబ్బా ఉన్న షాకు అయితే అది సైలెన్సరుకో, చైన్ కవరుకో, క్యారియరుకో రాసుకుంటుందేమో చూడండి. కొన్ని డెలివరీ బళ్లకి క్యారియర్ పట్టీ కూడా షాకు పై బోల్టుకే బిగించి ఉంటుంది. ఆ పట్టీ కోసం వేసిన పొడుగు బోల్టు తీసేసి పొట్టిది వేస్తే నట్టు రెండు మరలే పట్టుకుంటుంది, వణుకుకి ఊడిపోతుంది.

పాతది కొనేటప్పుడు

జతగా కొనండి. ఎడమకి ఒక బండిది, కుడికి ఇంకో బండిది వేయొద్దు. ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా ఉంటే వెనక చక్రం పట్టుకునే స్వింగ్ ఆర్మ్ మెలిపడుతుంది, మలుపులో బండి ఒక పక్కకి లాగుతుంది.

రాడ్డుని చల్లని చోట, వెలుతురులో తిప్పి చూడండి. తుప్పు చుక్కలుంటే, గోటితో రాస్తే గరుకు తగిలితే వదిలేయండి. అది కొత్త సీలుని కూడా వారాల్లో కోసేస్తుంది. కన్ను దగ్గర వెల్డింగులో సన్నటి గీత ఉందేమో చూడండి. రెండు షాకుల్నీ నేలమీద నిలబెట్టి, శరీరం బరువేసి నొక్కి వదలండి. రెండూ ఒకే వేగంతో నెమ్మదిగా లేవాలి. ఒకటి టప్పున లేస్తే అది పోయినట్టే. కడిగి, నల్ల పెయింటు కొట్టి అమ్మేవాటితో మరీ జాగ్రత్త. లీకు దాచడానికే కడుగుతారు చాలాసార్లు.

గ్యాస్ షాకుని ఎవరూ విప్పకూడదు, వేడి చేయకూడదు. లోపల ఒత్తిడి మీద గ్యాసు ఉంటుంది, పేలుతుంది. సెలవుకి ఊరెళ్లిన దోస్తుతో కరీంనగర్ నుంచో కడప నుంచో కొత్త జత తెప్పించుకుందాం అనుకుంటే, ముందు ఎయిర్‌లైన్‌ని అడగమనండి. గ్యాస్ నింపిన షాకుల్ని విమానాల్లో ప్రమాదకర వస్తువుల కింద లెక్కేస్తారు. చెకింగులో తీసి పక్కన పడేస్తే డబ్బులూ పోతాయి, షాకులూ పోతాయి.

బిగించేటప్పుడు

మెయిన్ స్టాండ్ వేసి ఒక పక్క పూర్తిగా మార్చాకే రెండో పక్క విప్పాలి. రెండూ ఒకేసారి విప్పితే చక్రం కిందికి జారి చెయ్యి నలుగుతుంది. నైలాన్ నట్లు పాతవి మళ్లీ వాడకండి. స్ప్రింగు గట్టిదనం మార్చే మెట్టు రెండు పక్కలా ఒకే నంబరు మీద ఉంచండి. మార్చాక చైన్ వదులు మళ్లీ చూడాలి, ఎందుకంటే వెనక ఎత్తు మారితే చైన్ బిగువూ మారుతుంది. మొదట ఖాళీ బండితో క్యాంపు చుట్టూ తిప్పండి, తర్వాత నిండు డబ్బాతో మెల్లగా. వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ పానా పెట్టి చూడండి.

పాతది చౌకా? లెక్క వేద్దాం

కింది అంకెలు లెక్క చూపించడానికి వేసినవి. మీ దగ్గర ధరలు పెట్టుకుని మీరే మళ్లీ వేసుకోండి.

పాత జత 70 దిర్హమ్‌లు, బిగించడానికి 30. మొత్తం 100. అది మూడు నెలలు ఆగిందనుకుందాం. నెలకి 33 దిర్హమ్‌లు పడింది. కొత్త జత 220, బిగించడానికి 30. మొత్తం 250. అది ఏడాదిన్నర ఆగితే నెలకి 14 దిర్హమ్‌లు కూడా పడదు. పాతది మార్చిన ప్రతిసారీ పూట పని పోతుంది, ఆర్డర్లు పోతాయి. పాత జత ఎన్ని నెలలు ఆగుతుందో కొట్టువాడు చెప్పలేడు, రాసివ్వడు. చౌకో కాదో అమ్మిన ధరని బట్టి కాదు, నెలకి ఎంత పడిందో దాన్ని బట్టి చూడాలి. మీ సొంత బండికైనా ఈ లెక్క వేసుకున్నాకే పాత పార్టు వైపు వెళ్లండి.

కంపెనీ బండి అయితే ఈ లెక్క మీరు వేయాల్సిన పనే లేదు. అది కంపెనీ వేసుకోవాల్సిన లెక్క.

జీతంలోంచి ఎంత కోయొచ్చు

యూఏఈలో ప్రైవేటు ఉద్యోగాలకి 2021లో వచ్చిన 33వ నంబరు ఫెడరల్ చట్టం వర్తిస్తుంది. పనిలో ప్రమాదం జరక్కుండా కాపాడే సాధనాలు సమకూర్చే బాధ్యత యజమానిదని ఆ చట్టం చెబుతుంది. డెలివరీవాడికి బండే పనిముట్టు. మేస్త్రీకి పరంజా ఎంతో, డెలివరీవాడికి బ్రేకూ షాకూ అంత.

జీతంలోంచి ఏయే కారణాలకి కోయొచ్చో 25వ అధికరణంలో ఉంది. కార్మికుడి తప్పు వల్ల, లేదా యజమాని సూచనలు పాటించకపోవడం వల్ల యజమాని వస్తువు పాడైతే, బాగు చేయించే ఖర్చు కోయొచ్చు. అదీ నెలకి ఐదు రోజుల జీతం దాటకూడదు. కారణాలు ఎన్ని ఉన్నా, అన్నీ కలిపి జీతంలో సగానికి మించకూడదు. కంపెనీ ఇచ్చిన అప్పు కింద కోస్తే దానికి మీ రాతపూర్వక ఒప్పుకోలు ఉండాలి, వడ్డీ వేయకూడదు.

ఉదాహరణకి జీతం 1,500 అనుకుందాం. రోజుకి 50. ఐదు రోజులకి 250. డ్యామేజీ పేరుతో ఒక నెలలో అంతకంటే ఎక్కువ కోయడానికి లేదు. ఆ 250 కూడా మీ తప్పు ఉంటేనే. సీలు అరిగి ఆయిల్ కారడం మీ తప్పు కాదు, అది మామూలు అరుగుదల. టైరు అరిగినా, బ్రేకు ప్యాడ్లు అరిగినా అంతే. సైటులో ఉన్న తమ్ముళ్లకి కూడా ఇది పనికొస్తుంది. గ్రైండరు డిస్కు అరిగిందనో, పాత డ్రిల్ మెషిన్ కాలిపోయిందనో జీతం కోస్తే ఇదే ప్రశ్న అడగండి: నా తప్పు ఏంటి, కాగితం మీద చూపించండి.

ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకి 2022లో వచ్చిన 9వ నంబరు చట్టం వేరేగా ఉంది, పైన చెప్పిన అంకెలు దానివి కావు. ఫిర్యాదు తీసుకునే మంత్రిత్వ శాఖ మాత్రం ఒకటే. మీ ఆయనో, తమ్ముడో ఇక్కడ బండి నడుపుతుంటే ఈ వ్యాసం వాళ్లకి చదివి వినిపించండి.

దెబ్బ తగిలితే

పనిలో దెబ్బ తగిలితే కోలుకునేదాకా వైద్యం ఖర్చు యజమానిదే. వైద్యం జరిగినన్నాళ్లు, ఆరు నెలల వరకు పూర్తి జీతం, ఆపైన ఇంకో ఆరు నెలల వరకు సగం జీతం రావాలి. ప్రాణం పోతే కుటుంబానికి 24 నెలల బేసిక్ జీతం. అది 18,000 దిర్హమ్‌లకి తగ్గకూడదు, 2,00,000 దాటదు.

ఇప్పుడు అసలు సంగతి. అదే చట్టం 38వ అధికరణంలో పరిహారం రాని సందర్భాలు కొన్ని ఉన్నాయి. అందరికీ కనబడేలా పెట్టిన భద్రతా సూచనల్ని కార్మికుడు కావాలని మీరాడని రుజువైతే, అది వాటిలో ఒకటి. కొన్ని కంపెనీలు ఆఫీసు గోడ మీద "అనుమతి లేకుండా బండి పార్టులు మార్చరాదు" అని కాగితం అంటిస్తాయి. మీరు 30 దిర్హమ్‌లో 50 దిర్హమ్‌లో మిగులుతాయని వేరే కంపెనీ పాత షాకు వేసి, తర్వాత పడితే, ఆ కాగితమే మీ మీదికి వస్తుంది. పడడానికి కారణం షాకు కాకపోయినా "నువ్వు పార్టు మార్చావు కదా" అనే మాట మొదలవుతుంది. ఆ మాటకి ఆసుపత్రి మంచం మీద పడుకుని జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

ఒక తమ్ముడి సంగతి

పోయినేడాది మా దగ్గరికి జగిత్యాల వైపు తమ్ముడు ఒకతను వచ్చాడు. బండి కంపెనీది. షాకులు కారుతున్నాయని సూపర్‌వైజరుకి వాట్సాప్‌లో మూడుసార్లు చెప్పాడు. మూడోసారి "నువ్వే చేయించుకో, తర్వాత చూద్దాం" అని హిందీలో వాయిస్ మెసేజ్ వచ్చింది. ఇతను పాత షాకులు తెచ్చి వేయించాడు. అవి రెండు సెంటీమీటర్లు పొడుగు. ఒక రాత్రి నిండు డబ్బాతో సైడ్ స్టాండ్ వేసి మెట్లెక్కాడు. దిగి వచ్చేసరికి బండి కింద పడి ఉంది. ట్యాంకు సొట్ట, హ్యాండిల్ వంకర, ఆర్డరు పాడు.

అతని జీతం 1,800. ఆ నెల జీతంలో 900 తక్కువ వచ్చింది. రోజుకి 60 లెక్కన ఐదు రోజులకి 300 అవుతుంది. అంటే చట్టం ఒప్పుకునేదానికి మూడింతలు కోశారు. మంత్రిత్వ శాఖకి ఫిర్యాదు పెట్టాం. జీతం పడిన బ్యాంకు మెసేజ్, పాత షాకుల ఫోటోలు, ఆ వాయిస్ మెసేజ్ ఇచ్చాం. మాట్లాడుకునే దశలోనే 600 వెనక్కి వచ్చాయి. 300 మాత్రం రాలేదు. ఎందుకంటే "చేయించుకో" అన్నారే గానీ, వేరే బండి పార్టు వెయ్యమని ఎవరూ అనలేదు. అతను రాజీకి ఒప్పుకుని, మళ్లీ పనిలోకి వెళ్లాడు. ఆ వాయిస్ మెసేజ్ చెరిపేసి ఉంటే ఆ 600 కూడా వచ్చేవి కావు.

మీరు చేయాల్సినవి

కంపెనీ బండి అయితే, షాకు పోయిన రోజే ఫోటో, వీడియో తీయండి. నంబరు ప్లేటు, కారుతున్న జిడ్డు రెండూ కనిపించాలి. సూపర్‌వైజరుకి నోటితో కాకుండా మెసేజ్‌లో చెప్పండి. ఇంగ్లీషు రాకపోతే హిందీలోనో తెలుగులోనో వాయిస్ పంపండి, ఫోటో ఎలాగూ మాట్లాడుతుంది. "బండి సేఫ్‌గా లేదు, బాగు చేయించండి" అన్న మాట అందులో ఉండాలి.

"నువ్వే చేయించుకో" అంటే మూడు అడగండి: ఏ పార్టు వెయ్యాలి, ఏ షాపులో, డబ్బు ఎప్పుడిస్తారు. జవాబు మెసేజ్‌లోనే రావాలి. బిల్లు లేకుండా పని చేయించకండి. తీసేసిన పాత షాకుల్ని పారేయకుండా కంపెనీకి అప్పగించి, ఇచ్చినట్టు ఫోటో తీసుకోండి.

ఫోన్ మారిస్తే ఈ మెసేజ్‌లు పోతాయి. అందుకే స్క్రీన్‌షాట్లు తీసి, వాయిస్ ఫైలుతో సహా ఇంటి దగ్గర నమ్మకమైనవాళ్లకి పంపి పెట్టండి.

సొంత బండి అయితే, కొత్త జత మొదటి మాట. కుదరకపోతే అదే మోడల్ పాత జత రెండో మాట. వేరే కంపెనీది చివరి మాట, అదీ టేపు పెట్టి ఐదు కొలతలూ చూశాకే. ఏటా ముల్కియా రెన్యువల్‌కి టెస్టింగుకి వెళ్లాల్సిన బండి అది. అక్కడ ఫెయిలైతే మళ్లీ మార్చే ఖర్చు కూడా లెక్కలో కలుపుకోండి.

జీతం అన్యాయంగా కోస్తే మానవ వనరుల, ఎమిరటైజేషన్ మంత్రిత్వ శాఖ నంబరు 600590000. భారత ప్రభుత్వ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 800 46342. రోడ్డు మీద ప్రమాదమైతే పోలీసులకి 999, అంబులెన్సుకి 998. ఈ నాలుగూ ఇవాళే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

ఇంకో మాట. ఊగే బండి మీద రోజూ పదీ పన్నెండు గంటలు తిరిగేది మీరు. సూపర్‌వైజరు ఆఫీసులో కూర్చుంటాడు. అడిగితే కోపం వస్తుందేమో అని భయపడి సర్దుకుపోకండి. రిపేరు అడగడం గొడవ కాదు, మీ హక్కు. ఈ ఆదివారం డ్యూటీకి ముందు ఒక్క నిమిషం వెనక సీటుని నొక్కి చూడండి. రెండోసారి ఊగితే ఫోన్ తీసి మెసేజ్ పెట్టండి.